టికెట్టు మనది, తెర మీద ఊరు ఎవరిది?

సంక్రాంతికి కోడిపుంజు ఎవరిదైనా కావచ్చు, బరి ఎవరి తోటలోనైనా కట్టొచ్చు, సినిమా హాలు దగ్గర దుమ్ము లేపేది మాత్రం మన కుర్రాళ్ళే. తెల్లవారుజాము ఆటకి అర్ధరాత్రి బండ్లేసుకుని పోయేది వాళ్ళు. గేటు ముందు డప్పు కొట్టేది వాళ్ళు. కటౌటు ఎక్కి దండ వేసేది, పాలు పోసేది వాళ్ళు. తెర మీద హీరో మొహం పడగానే కాగితాలు చించి ఎగరేసేది వాళ్ళు. పండక్కి మూడు సినిమాలు పడితే మూడూ చూసి, ఏది హిట్టో ఏది ఫట్టో పేట అరుగు మీద తేల్చేదీ వాళ్ళే.

మన సంఘాల్లో కొందరు పెద్దలకి ఇది గిట్టదు. సినిమా పేరెత్తితే మొహం చిట్లిస్తారు. మీటింగుకి రమ్మంటే రారు, మార్నింగ్ షోకి మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని పోతారు అంటారు. వాళ్ళ బాధ నిజమే. కానీ కుర్రాడు ఎందుకు పోతున్నాడో కూడా ఆలోచించాలి గదా. వారమంతా నడుం వంచి పనిచేసినోడు మూడు గంటలు ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. పొద్దున తనని ‘ఒరేయ్’ అని పిలిచిన పెత్తందారు లాంటోణ్ణే తెర మీద ఒకడు కాలర్ పట్టి కొడుతుంటే ఈల వేస్తాడు. ఆ ఈలలో తప్పేముంది? నేనూ ఈల వేసేవాణ్ణే. చిన్నప్పుడు నేల టికెట్టు నుంచి ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చూసే సినిమా దాకా ఏదీ వదలనోణ్ణి.

అందుకే సినిమాలు చూడొద్దని నేను చెప్పను. పండగ సినిమాల గురించి, ఈమధ్య వచ్చినవాటి గురించి నాకు తోచింది నాలుగు మాటలు చెబుతాను. విమర్శకుల భాష నాకు రాదు. షాటు, స్క్రీన్‌ప్లే అని మాట్లాడను. నా దగ్గర ఒకే ఒక్క కొలబద్ద ఉంది: సినిమాలో ఊరు చూపిస్తే, ఆ ఊళ్ళో మన వాడ ఎక్కడుంది? మాలపల్లె అనండి, మాదిగపల్లె అనండి, పేట, గూడెం, వాడ - పేరు ఏదైనా గానీ, అది తెర మీద ఉందా లేదా? ఉంటే ఎవరుగా ఉంది?

హాల్లో కాలు తగిలితే

ముందు హాలు సంగతి చెప్పుకోవాలి. మన దేశంలో గుడిలోకి మనకి దారి లేదు, హోటల్లో గ్లాసు వేరు, చెరువులో రేవు వేరు. సినిమా హాలు అట్లా కాదు. టికెట్టు కొన్నోడికి సీటు ఇవ్వాల్సిందే. అన్ని కులాలూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి చోట్లలో సినిమా హాలు ఒకటని శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి ఎప్పుడో రాశాడు. నేల, బెంచీ, కుర్చీ అని తేడాలున్నా అవి డబ్బు తేడాలు. డబ్బు పెడితే మనవాడూ కుర్చీ ఎక్కొచ్చు.

ఆ కుర్చీ ఎక్కడమే కొందరు ఓర్చుకోలేకపోయారు. 1991 జూలై 4న గుంటూరు జిల్లా చుండూరులో (ఇప్పుడది బాపట్ల జిల్లా) సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు వరసలో కూర్చున్న రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. ఏ హాల్లోనైనా, ఏ ఆటలోనైనా పదిసార్లు జరిగే సంగతి. ఆ కాలు మనది గనక అది గొడవయింది, గొడవ వెలి అయింది. మనోళ్ళని పనుల్లోకి రానీయలేదు. ఆగస్టు 6న పట్టపగలు, ఊళ్ళో పోలీసులు ఉండగానే, ఎనిమిది మందిని పొలాల్లో తరిమి నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

కాబట్టి సినిమా మనకి ఉత్త కాలక్షేపం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. హాల్లో పక్కపక్కన కూర్చునే హక్కుకి మనోళ్ళు నెత్తురు ధార పోశారు. అంత ఖరీదు పెట్టి సంపాదించుకున్న సీటులో కూర్చుని ఏం చూస్తున్నాం అని అడిగే హక్కు కూడా మనకే ఉంది.

పండగ ఊరు

పండగ సినిమా అంటే ఒక పద్ధతి ఉంది. కొబ్బరిచెట్లు, పెద్ద లోగిలి, వాకిట్లో ముగ్గు, గొబ్బిళ్ళు, గంగిరెద్దు, ఉయ్యాల బల్ల మీద తాతయ్య. 2013 సంక్రాంతికి వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ అట్లాంటిదే. 2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’ కూడా అంతే. రెండూ నేను చూశాను. బూతు లేదు, నరుకుడు లేదు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. ‘శతమానం భవతి’లో తాతయ్య విదేశాల్లో ఉన్న పిల్లల్ని పండక్కి రప్పించడానికి నాటకమాడతాడు. ముసలాళ్ళని చూస్తే నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ సినిమాకి జాతీయ అవార్డు కూడా ఇచ్చారు.

కానీ ఆత్రేయపురం ఊరంతా తిప్పి చూపించినోళ్ళకి ఆ ఊరి పేట కనబడలేదా? ఆ లోగిలి ముందు పేడ చల్లింది ఎవరు? ధాన్యం ఇంటికి చేర్చింది ఎవరు? పండక్కి ఊరికి వచ్చేది అమెరికా వాళ్ళొక్కరేనా? హైదరాబాదులో అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్ పని చేసేవాడు వస్తాడు. బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయినోడు వస్తాడు. బస్సులో సీటు దొరక్క టాపు ఎక్కి, పిల్లకి ఒక గౌను, తల్లికి ఒక చీర సంచిలో పెట్టుకుని వస్తాడు. ఆ తల్లి కూడా ఏడాదంతా ఎదురుచూసిందే. ఆమె ఎదురుచూపు మీద ఒక పండగ సినిమా తీస్తే నేను వరసగా నాలుగు ఆటలు చూస్తా.

ఇంకో సంగతి. కోస్తాలో మన పేటల్లో చాలామందికి పెద్ద పండగ క్రిస్మసు. ఇంటి మీద కట్టిన నక్షత్రం సంక్రాంతి పోయేదాకా దించం. తెలుగు సినిమా ఊళ్ళో ఆ నక్షత్రం ఎక్కడైనా వెలిగిందా? పాస్టరు వస్తే నవ్వించడానికి వస్తాడు.

2024 సంక్రాంతికి ‘నా సామిరంగ’ వచ్చింది. కోనసీమ, ప్రభల తీర్థం, పాత రోజులు. నాగార్జున లుంగీ కట్టి బీడీ ముట్టిస్తే హాలు ఊగింది. ప్రభలు ఎత్తుకుపోయే సీను బాగుంది. నాకు నచ్చింది. నచ్చుతూనే ఒకటి గుర్తొచ్చింది. ఇదే కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగింది? మన కులంవాడైన మంత్రి ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. ఒక పేరు కోసం! సినిమాల్లో కోనసీమ కొబ్బరినీళ్ళలాగా తియ్యగా ఉంటది. ఆ తీపి ఎవరికో సినిమా చెప్పదు.

2025 సంక్రాంతికి మూడు పెద్ద సినిమాలు పడ్డాయి. ‘గేమ్ ఛేంజర్’, ‘డాకు మహారాజ్’, ‘సంక్రాంతికి వస్తున్నాం’. నా ఓటు ‘సంక్రాంతికి వస్తున్నాం’కే. గొప్ప సినిమా అని కాదు. మొగుణ్ణి పాత ప్రియురాలి పక్కన పెట్టి పెళ్ళాం పడే తిప్పలు చూస్తే మా పేట ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. పండగపూట నవ్వించాడు, చాలు. అందులో ఎవరినీ ఉద్ధరించే పని పెట్టుకోలేదు, అది నయం.

మిగతా రెండిట్లో ఉద్ధరణ ఎక్కువ. ‘గేమ్ ఛేంజర్’లో కలెక్టరు ఒక్కడే రాష్ట్రాన్ని కడుగుతాడు. జనం నిలబడి చూస్తారు. ‘డాకు మహారాజ్’లో నీళ్ళు లేని జనం కోసం ఇంజనీరు బందిపోటు అవుతాడు. జనం దండం పెడతారు. బాలకృష్ణ గుర్రమెక్కితే నేనూ లేచి నిలబడ్డాను, అది వేరే సంగతి. కానీ ఈ సినిమాల్లో జనానికి సొంతంగా ఒక సంఘం ఉండదు, ఒక నాయకుడు ఉండడు, ఒక దరఖాస్తు పెట్టడం కూడా రాదు. హీరో వచ్చేదాకా ఏడుస్తుంటారు. మన పేటల్లో రోడ్డు కోసం, శ్మశానం కోసం, పట్టా కోసం ఎన్నేళ్ళు ఎమ్మార్వో ఆఫీసుల ముందు కూర్చున్నామో మనకు తెలుసు. హీరో ఎవరూ రాలేదు. వచ్చినకాడికి మనం కూర్చుంటేనే వచ్చింది.

ఇంటిపేర్ల జాతర

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’. ఆ రెండు సినిమాలు ఆడిన ఆట మామూలుది కాదు. ఆ తర్వాత ‘చెన్నకేశవరెడ్డి’, నిన్నగాక మొన్న 2023 సంక్రాంతికి ‘వీరసింహారెడ్డి’. పోస్టరు మీద పేరు చూస్తే ఓటర్ల జాబితాలాగా కులం కనబడుతుంది. పేరు చివర మాల, మాదిగ అని ఉన్న హీరో సినిమా టైటిలు ఊహించండి. డిస్ట్రిబ్యూటరు ఫోను పెట్టేస్తాడు.

‘నరసింహనాయుడు’లో ఊరిని కాపాడటానికి ఇంటికో కొడుకుని ఇవ్వాలంటారు. హాలంతా చప్పట్లు. ఆ ఇళ్ళ లెక్కలో మన ఇళ్ళు ఉన్నాయా అని అప్పుడు నాకు తట్టలేదు, హాల్లో ఎవరికీ తట్టలేదు. ఫ్యాక్షన్ సినిమాలో సుమోలు గాల్లోకి లేస్తాయి. ఆ సుమోలో కూర్చున్నది ఎవరు? రెడ్డిగారి పక్క, నాయుడుగారి పక్క బాంబు పట్టుకుని నిలబడ్డోడు ఎవరు? కూలికి పోయినట్టు చావుకి పోయినోళ్ళు. హీరో అన్న చనిపోతే అరగంట ఏడుపు ఉంటుంది, పాట ఉంటుంది. సుమోలో చచ్చినోడికి పేరు కూడా ఉండదు. వాడి పెళ్ళాం ఏమైందో, పిల్లలు ఏ బళ్ళో ఉన్నారో డైరెక్టరుకి అక్కర్లేదు.

ఇంక ‘పెదరాయుడు’. 1995లో వచ్చింది, తమిళం ‘నాట్టామై’ నుంచి తెచ్చారు. రజనీకాంత్ తుండుగుడ్డ భుజాన వేసుకుని తీర్పు చెబుతుంటే ఇప్పటికీ టీవీలో చూస్తాను. ఆ స్టయిలు ఎవరికీ రాదు. కానీ ఆ తీర్పు ఏమిటి? ఒక కుటుంబాన్ని పద్దెనిమిదేళ్ళు వెలి వేయడం. ఊరిలో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పు నీళ్ళు ఇవ్వకూడదు. దాన్నే ధర్మం అని చూపించారు. నాలుగేళ్ళ కిందట చుండూరులో మన మీద పెట్టిన వెలి ఏమిటి మరి? రచ్చబండ మీద ఒక కులం పెద్ద కూర్చుని, కింద ఊరంతా చేతులు కట్టుకుని నిలబడటం తెర మీద అందంగా ఉంటది. ఆ చేతులు కట్టుకున్నోళ్ళలో మనం కూడా ఉన్నాం. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది. అప్పటిదాకా ఆ రచ్చబండ దగ్గర మనకి దక్కిన తీర్పులు ముసలోళ్ళని అడగండి, చెబుతారు.

రక్తం మాట్లాడుద్దంట

2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ చూసి ఎగరనోడు లేడు. ఆ పాటలకి మా పేటలో పెళ్ళిళ్ళన్నీ ఊగిపోయాయి. అల్లు అర్జున్ డ్యాన్సు గురించి నేను చెప్పేదేముంది. కానీ కథ చూడండి. ఒక గుమాస్తా తన కొడుకుని యజమాని ఇంట్లో పడుకోబెట్టి, యజమాని కొడుకుని తన ఇంటికి తెచ్చుకుంటాడు. పేద ఇంట్లో పెరిగిన గొప్పోడి బిడ్డ తెలివిగలవాడు, ధైర్యవంతుడు. గొప్ప ఇంట్లో పెరిగిన పేదోడి బిడ్డ నోరు లేనివాడు, చేతగానివాడు. అంటే ఏమిటి? అన్నం, చదువు, మంచి బట్ట ఎంత పెట్టినా రక్తం మారదు అని గదా! మనువు చెప్పింది ఇంతకంటే ఏముంది? మన పిల్లలకి హాస్టలు, రిజర్వేషను, స్కాలర్‌షిప్పు ఎందుకు దండగ అనేవాళ్ళు కూడా ఇదే మాట అంటారు. అది నవ్వుల మధ్య, పాటల మధ్య వస్తే మనమే టికెట్టు కొని నవ్వి వచ్చాం. తీసినోళ్ళు అంత ఆలోచించి తీశారని అనను. ఆలోచించకుండానే వచ్చేంతగా అది వాళ్ళ ఇంటి గాలిలో ఉంది.

‘పుష్ప’ సంగతి ఇంకో రకం. 2021 డిసెంబరులో మొదటిది, 2024 డిసెంబరులో రెండోది. కూలికి పోయినోడు కాలు మీద కాలేసుకుని కూర్చోవడం, ఎవడికీ తల వంచకపోవడం మనోళ్ళకి ఎందుకు నచ్చదు? భుజం ఎత్తి నడవని కుర్రాడు ఏ వాడలోనూ లేడు. పుష్పరాజుకి ఇంటిపేరు లేదు. తండ్రి ఇంటివాళ్ళు ఇవ్వలేదు. ఆ మంట మనకి అర్థమవుతుంది. కానీ రెండు సినిమాలు, ఆరు గంటలు పైగా నడిచి చివరికి ఎక్కడికి చేరింది? పెద్దింటివాళ్ళు శుభలేఖ మీద పేరు వేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేకాడికి. కోట్లు గడించినా, ముఖ్యమంత్రిని మార్చినా, ఆ ఇంటిపేరు దొరికితేనే మనిషి! నాకైతే అక్కడ చప్పబడిపోయింది. ఇంటిపేరు లేకుండానే నేను మనిషిని అని పుష్ప అనుంటే అది మన సినిమా అయ్యేది.

మన కథ వచ్చినప్పుడు

అసలు రానేలేదా అంటే వచ్చింది. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. ఆ రోజుల్లో ఆ పేరు పోస్టరు మీద వేయడానికి గుండె కావాలి. 1975లో ‘బలిపీఠం’, 1981లో ‘సప్తపది’ వచ్చాయి. వాటిని తక్కువ చేయను. కాకపోతే వాటిలో చాలావరకు మారేది పైకులం పెద్ద. ఆయన మనసు కరిగితే కథ సుఖాంతం. మనం ఆయన మనసు కరిగేదాకా మంచిగా, శుభ్రంగా, పిల్లనగ్రోవి ఊదుకుంటూ కూర్చోవాలి. 1990ల్లో ఎర్ర సినిమాలు వచ్చాయి. భూమి గురించి, కూలి గురించి గట్టిగా మాట్లాడాయి. మన గుండెలు పొంగాయి. కానీ అందులో మనం పేదలం, కూలీలం. కులం పేరు చెప్పడానికి వాళ్ళకీ నోరు రాలేదు.

ఈమధ్య వచ్చినవాటిలో ‘రంగస్థలం’ (2018) నాకు బాగా నచ్చిన సినిమా. ముప్పై ఏళ్ళుగా ప్రెసిడెంటు కుర్చీ దిగని పెత్తందారు, సొసైటీ అప్పులు, ఎదురు నిలబడ్డోడి చావు - ఇది మన ఊరే. కానీ చిట్టిబాబు కులం ఏమిటో సినిమా గట్టిగా చెప్పదు. చివర్లో అన్న చావు వెనక కులం ఉందని తెలిసేసరికి సినిమా అయిపోతుంది. ‘లవ్‌స్టోరీ’ (2021)లో నాగచైతన్య పాత్ర ఆర్మూరు వైపు దళిత క్రైస్తవ కుర్రాడు. పెద్ద హీరో అట్లాంటి పాత్ర వేయడం మెచ్చుకోవాల్సిందే. తల్లి పొలం గట్టు దగ్గర తగాదా నిజంగా ఉంది. కానీ సగం తర్వాత విలన్‌ని ఆడపిల్లని చెరిచినోడిగా చూపించి, వాడు చెడ్డోడు కాబట్టి ఇదంతా అన్నారు. కులం చేసేది చెడ్డోళ్ళే కాదు. మనతో నవ్వుతూ మాట్లాడే మంచోళ్ళు కూడా పిల్లనివ్వమంటే కత్తి తీస్తారు.

‘పలాస 1978’ (2020) మాత్రం నేరుగా మాట్లాడింది. ఆడీపాడే మన కులం అన్నదమ్ముల్ని ఊరి షావుకార్లు రౌడీలుగా ఎట్లా వాడుకున్నారో చూపించింది. వెనక సగంలో నరుకుడు ఎక్కువైంది, అది నాకు నచ్చలేదు. కానీ మన చేతికి కత్తి ఇచ్చేది ఎవరు, కేసు పడేది ఎవరి మీద అన్న ప్రశ్న తెలుగు తెర మీద అంత సూటిగా నేను వేరేచోట చూడలేదు. మన కుర్రాళ్ళంతా చూడాల్సిన సినిమా.

2021లో ‘నారప్ప’ వచ్చింది, నేరుగా ఫోనుల్లోకే వచ్చింది. తమిళం ‘అసురన్’కి నకలు. చెప్పులు వేసుకున్నందుకు ఆడపిల్లని కొట్టి, చెప్పులు నెత్తిన పెట్టించే సీను చూసి మా అమ్మ టీవీ ముందు నుంచి లేచిపోయింది. వెంకటేశ్ బాగా చేశాడు. కానీ మన బాధ చెప్పుకోవడానికి కూడా తమిళనాడు నుంచి కథ కొనుక్కోవాలా? కారంచేడు 1985 జూలై 17న జరిగింది. చుండూరు 1991లో. వాటిని మన కథగా చెప్పిన పెద్ద హీరో సినిమా నాకైతే ఇప్పటిదాకా కనబడలేదు.

పక్క రాష్ట్రాల్లో ఎట్లా వస్తున్నాయి మరి? అక్కడ మనోళ్ళే కెమెరా పట్టుకున్నారు. పా. రంజిత్ రజనీకాంత్‌తో ‘కబాలి’, ‘కాలా’ తీశాడు. తనే కంపెనీ పెట్టి మారి సెల్వరాజ్ చేత ‘పరియేరుం పెరుమాళ్’ (2018) తీయించాడు. లా కాలేజీలో చేరిన కుర్రాడి కథ అది. చదువుకోడానికి పోయిన మన పిల్లలు పడే అవమానం అందులో ఉన్నట్టు ఎక్కడా లేదు. ‘కర్ణన్’ (2021)లో ఊరికి బస్సు ఆగదు. అంతే కథ. మన ఎన్ని ఊళ్ళ కథ అది! మరాఠీలో నాగరాజ్ మంజుళే ‘ఫాండ్రీ’, ‘సైరాట్’ తీశాడు. ‘సైరాట్’ని 2018లో హిందీలోకి ‘ధడక్’గా తీసుకుపోయి, అందులోంచి కులాన్ని తుడిచేశారు. గింజ తీసి పొట్టు అమ్మినట్టు. తీసేవాడు ఎవరన్నదాన్ని బట్టే తెర మీద ఊరు మారుతుంది.

తెలుగులో చిన్న సినిమా వస్తే ఏమవుతుందో ‘పొట్టేల్’ని చూస్తే తెలుస్తుంది. 2024 అక్టోబరులో వచ్చింది. పటేల్ పెత్తనం కింద ఉన్న ఊళ్ళో ఒక కింది కులం తండ్రి కూతుర్ని చదివించడానికి పడే పాట్లు. మీలో ఎంతమంది హాల్లో చూశారు? వచ్చింది, పోయింది. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దరన్న పేరు మీద మొదటిసారి సినిమా అవార్డులు ఇచ్చినప్పుడు దానికి రెండో ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. అదే వేదిక మీద ఉత్తమ నటుడు అవార్డు ‘పుష్ప 2’కి పోయింది. ‘మాభూమి’లో గొంగడి భుజాన వేసుకుని పాడిన గద్దర్, 2023 ఆగస్టు 6న, సరిగ్గా చుండూరు దినం నాడే పోయిన గద్దర్, ఉంటే ఏమనేవాడో మీరే అనుకోండి. పేరు మనది పెట్టారు, సంతోషం. ఆ పేరుకి తగ్గ సినిమాకి హాళ్ళు కూడా ఇప్పించాలి గదా.

ఆరు వందల టికెట్టు

ఇప్పుడు డబ్బు లెక్క. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెటూరి హాల్లో అయిదు రూపాయల టికెట్టు కూడా పెట్టింది. అయిదు రూపాయలకి హాలు కరెంటు బిల్లు కూడా రాదు, ఒప్పుకుంటా. 2022 మార్చిలో దాన్ని మార్చి తక్కువలో తక్కువ 20, ఎక్కువలో ఎక్కువ 250 అన్నారు. ఆ 250 ఎక్కడ ఆగింది? పెద్ద సినిమా వచ్చిన ప్రతిసారీ జీవో వస్తుంది. 2025 సంక్రాంతికి ‘గేమ్ ఛేంజర్’ బెనిఫిట్ షో టికెట్టు ఆంధ్రలో 600 రూపాయలు. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకి 300. అంటే రెండు రోజులు ఎండలో చెరువు మట్టి తవ్విన కూలి ఒక్క ఆటకి. ‘పుష్ప 2’కి ముందురోజు రాత్రి ఆటకు తెలంగాణలో టికెట్టు మీద 800 అదనం. బెనిఫిట్ షో అంటారు, ఎవరికి బెనిఫిట్?

డబ్బుతోనే పోతే సరే అనుకోవచ్చు. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు కుర్రాళ్ళు చనిపోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ‘పుష్ప 2’ ఆటకి పిల్లలతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. వీళ్ళది ఏ కులమని నేను అడగను. వీళ్ళంతా టికెట్టు కొన్నోళ్ళు, ఫ్లెక్సీ కట్టినోళ్ళు. మనలాంటోళ్ళు.

అభిమాన సంఘాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. హీరో కులాన్ని బట్టి ఊళ్ళో గుంపులు. పైకి హీరో పేరు, లోపల కులం పేరు. మన కుర్రాళ్ళు మాత్రం అటు కొందరు, ఇటు కొందరు. వాళ్ళ కులం హీరో కోసం మాల కుర్రాడు మాదిగ కుర్రాడి మీద చెయ్యి చేసుకుంటాడు. స్టేషన్లో ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడతారు. విడిపించడానికి హీరో రాడు, పేట పెద్దలే పోవాలి.

ఏం చేద్దాం?

తమ్ముళ్ళూ, చెల్లెమ్మలూ, సినిమా మానెయ్యమని నేను చెప్పడం లేదని ముందే అన్నాను. చూడండి. ఈల వేయండి. డ్యాన్సు బాగుంటే బాగుందనండి. చూసి వచ్చాక పేట అరుగు మీద హిట్టా ఫట్టా అని తేల్చేటప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు కలపండి. ఆ ఊళ్ళో మన వాడ ఉందా? మనలాంటి మనిషికి పేరు, ఇల్లు, మాట ఉన్నాయా? మంచి జరిగితే మనం చేసుకున్నామా, ఎవరో దయతలచి చేశారా? ఈ మూడు అడగడం అలవాటైతే ఏ సినిమా మనల్ని మోసం చేయలేదు.

కరెంటు తీగల దగ్గర ఫ్లెక్సీ కట్టొద్దు. హీరోల పేరు మీద మనలో మనం కొట్టుకోవద్దు. ఆరు వందల ఆట పక్కన పెట్టి వారం ఆగి చూడండి, బొమ్మ అదే ఉంటది. మిగిలిన డబ్బు పది మందివి కలిపితే ఒక తెర, ఒక ప్రొజెక్టరు అద్దెకి వస్తాయి. ఏప్రిల్ 14 రాత్రి అంబేద్కర్ బొమ్మ దగ్గర మైకులో పాటలు పెట్టి వదిలేస్తున్నాం. ఈసారి అక్కడే ‘పలాస’ వేయండి, ‘పరియేరుం పెరుమాళ్’ వేయండి, ‘ఫాండ్రీ’ వేయండి. భాష తెలియకపోతే పక్కన ఒకరు నిలబడి చెప్పండి. ఆడవాళ్ళని ముందు కూర్చోబెట్టండి. అయ్యాక అరగంట మాట్లాడించండి. సంఘం పెద్దలు మీటింగుకి ఎవరూ రావడం లేదంటున్నారు గదా, ఆ రాత్రి చూడండి ఎంతమంది వస్తారో.

మన పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్ ఉంది. అందులో కెమెరా ఉంది. హీరో పాటకి గెంతి వీడియో తీసేవాడు, వాళ్ళ నాయనమ్మ చెప్పే వెలి కథ కూడా తీయగలడు. రంజిత్, మంజుళే ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనలాంటి వాడల నుంచే పోయారు.

ఈ పండక్కి మీరు చూసిన సినిమా గురించి ఒక్క పేజీ రాసి మన పత్రికకి పంపండి. తప్పుల గురించి భయపడొద్దు, మాట్లాడినట్టే రాయండి. ఇన్నాళ్ళూ సినిమా బాగుందో లేదో వాళ్ళ పత్రికలు చెప్పాయి. టికెట్టు కొన్నోళ్ళం మనం కూడా చెబుదాం.

జై భీమ్!

- నేల టికెట్టు